17.5 శాతం అని స్లైడ్ వేశా, విప్పి చూస్తే 2: మా టీమ్‌లో కుర్రాళ్ల నిమిషాల కథ

సీజన్ అయిపోగానే మా ఫుట్‌బాల్ క్లబ్ మేనేజ్‌మెంట్‌కి చూపించే ప్రెజెంటేషన్ తయారు చేసేది నేనే. పేరుకి అనలిస్ట్‌ని, కానీ అసిస్టెంట్ కోచ్ పని కూడా సగం నా నెత్తినే ఉంటుంది. ఆ ఏడాది ప్రెజెంటేషన్‌లో ఒక స్లైడ్ పెట్టా, "21 ఏళ్ల లోపు ఆటగాళ్లకి 17.5 శాతం నిమిషాలు" అని, పెద్ద అక్షరాలు, ఆకుపచ్చ బ్యాక్‌గ్రౌండ్. అందరూ తలలూపారు, ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు, నేనూ మురిసిపోయా.

రెండు రోజులకి మా 19 ఏళ్ల స్ట్రైకర్, అంటే ముందు వరసలో ఉండి గోల్ కొట్టాల్సినవాడు, నా రూమ్‌కి వచ్చాడు. "అన్నా, ఈ సీజన్ నేను ఎన్ని నిమిషాలు ఆడానో ఒకసారి చూసి చెప్తావా, ఏజెంట్ అడుగుతున్నాడు" అన్నాడు. చూసి చెప్పా, 480 నిమిషాలు, 14 మ్యాచ్‌లు అని. వాడు ఒక్క క్షణం ఆగి నవ్వాడు. "480ఆ? నాకైతే ఒక హాఫ్ కూడా సరిగ్గా ఆడినట్టు లేదన్నా" అని వెళ్లిపోయాడు. కోపంగా అనుంటే మర్చిపోయేవాణ్ణేమో, వాడు మామూలుగానే అన్నాడు, అందుకే గుచ్చుకుంది. ఆ రాత్రే షీట్ మళ్లీ తెరిచి మొదటి నుంచి లెక్క వేయడం మొదలెట్టా.

మొత్తం లెక్క తేలికే. మాకు సీజన్‌కి 30 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి 90 నిమిషాలు, మైదానంలో 11 మంది, అంటే పంచుకోవడానికి ఉన్నవి 29,700 నిమిషాలు. అందులో 21 లోపు వాళ్లు ఆడినవి 5,200. భాగిస్తే 17.5 శాతం, స్లైడ్‌లో తప్పేమీ లేదు. ఇప్పుడు దాన్ని విప్పుదాం. 5,200లో 2,300 మా సెంట్రల్ మిడ్‌ఫీల్డర్‌వి, వాడికి 20 ఏళ్లే కానీ వేరే క్లబ్ నుంచి తెచ్చుకున్నవాడు, మా దగ్గరికి వచ్చేసరికే రెండు పూర్తి సీజన్లు ఆడేసి ఉన్నాడు, వాణ్ణి మేం పెంచాం అని చెప్పుకుంటే పక్కింటి చెట్టు మామిడికాయలు మన బుట్టలో వేసుకున్నట్టే. ఇంకో 900 మా రెండో గోల్‌కీపర్‌వి, మొదటి కీపర్ వేలు విరిగి 10 మ్యాచ్‌లు బయట ఉంటే దిగాడు, అది మా ప్లాన్ కాదు, వేలు చేసిన పుణ్యం. మిగిలినవి 2,000. ఇవి మా సొంత అకాడమీ నుంచి వచ్చిన ముగ్గురివి: 18 ఏళ్ల లెఫ్ట్ బ్యాక్ (ఎడమ వైపు డిఫెండర్), 17 ఏళ్ల వింగర్ (అంచు వెంబడి దాడి చేసేవాడు), ఈ స్ట్రైకర్. అప్పటికే 17.5 కాస్తా 6.7 అయింది.

ఇక్కడితో ఆగినా పర్లేదనిపించేది. కానీ స్ట్రైకర్ మాట ఇంకా చెవిలోనే ఉంది కదా, అందుకే ఒక్కో నిమిషం ఏ పరిస్థితిలో వచ్చిందో చూశా. 2,000లో 950 చివరి ఐదు మ్యాచ్‌లలో వచ్చాయి, అప్పటికి మేం పై డివిజన్‌కి వెళ్లేదీ లేదు, కింది డివిజన్‌కి పడేదీ లేదు, సీనియర్లకి రెస్ట్ ఇచ్చి కుర్రాళ్లని దించాం. ఇంకో 410 మేం రెండు, అంతకంటే ఎక్కువ గోల్స్ తేడాతో గెలుస్తున్నప్పుడో ఓడుతున్నప్పుడో వచ్చాయి. మ్యాచ్ ఇంకా ఎటైనా తిరగొచ్చు, పాయింట్లు నిజంగా అవసరం, అలాంటి సమయంలో ఆ ముగ్గురూ కలిసి ఆడింది 640 నిమిషాలు. మొత్తంలో 2 శాతం పైచిలుకు. స్ట్రైకర్ ఒక్కడివి చూస్తే 60. సీజన్ మొత్తానికి అరవై. ఒక హాఫ్ కూడా ఆడినట్టు లేదని వాడు ఊరికే అనలేదు.

ఈ 640ని నేను షీట్‌లో "బతికున్న నిమిషాలు" అని రాసుకున్నా, తర్వాత టీమ్‌లో అందరూ అదే మాట వాడేస్తున్నారు కాబట్టి ఇక్కడా అదే వాడతా. రూల్ ఏంటంటే స్కోర్ సమానంగా ఉండాలి లేదా ఒక్క గోల్ తేడా ఉండాలి, ఆ మ్యాచ్ ఫలితం టేబుల్‌లో మాకు లెక్కలోకి రావాలి. దీంట్లోనూ లొసుగులున్నాయి, 89వ నిమిషంలో 1-0 దగ్గర టైమ్ లాగడానికి వచ్చినవాడికీ ఇది బతికున్న నిమిషమే, కానీ ఎక్కడో ఒక చోట గీత గీయాలి కదా.

టైమ్ అంటే గుర్తొచ్చింది, అధికారిక లెక్కలో ఇంకో చిన్న మోసం ఉంది. చాలా డేటా షీట్లు మ్యాచ్‌ని 90 దగ్గరే ఆపేస్తాయి. 88లో వచ్చినవాడు స్టాపేజ్ టైమ్ (మధ్యలో ఆట ఆగినందుకు చివర్లో కలిపే సమయం) ఎనిమిది నిమిషాలు కలిపి 10 నిమిషాలు ఆడినా వాడి ఖాతాలో పడేవి 2. 2022 వరల్డ్ కప్ తర్వాత స్టాపేజ్ టైమ్ బాగా పెరిగింది కాబట్టి ఈ తేడా ఇప్పుడు చిన్నదేం కాదు, బెంచ్ నుంచి వచ్చే కుర్రాళ్లకి మరీ ఎక్కువ. పోలిక చెడకూడదని మొత్తం లెక్కని 90 మీదే ఉంచి, స్టాపేజ్‌కి పక్కన వేరే కాలమ్ పెట్టా.

అంకెలు సరే, అవి బయటికి ఎలా కనిపిస్తాయో ఒకటి చెప్తా. ఆ సీజన్ మధ్యలో ఒక మ్యాచ్ వీడియో మళ్లీ చూశా, బంతిని కాదు, కార్నర్ ఫ్లాగ్ వెనక వార్మప్ చేస్తున్న మా స్ట్రైకర్ని. 52వ నిమిషంలో లేపారు. జాగింగ్, స్ట్రెచింగ్, చిన్న స్ప్రింట్లు, బెంచ్ వైపు ఒక చూపు, మళ్లీ జాగింగ్. 63లో మేం గోల్ తిన్నాం, 1-1, కోచ్ ఇంకో సీనియర్ని దించాడు. 71లో ఇంకొకణ్ణి. వాడు ఇంకా అక్కడే. 80 దాటాక స్ట్రెచింగ్ ఆపేసి ఊరికే నిలబడ్డాడు, రెండు చేతులూ నడుం మీద. 88లో పిలిచారు. జెర్సీ మీద వేసుకునే బిబ్ తీసేటప్పుడు తల దగ్గర ఇరుక్కుపోయింది, కిట్ మేనేజర్ లాగాడు. దిగాక బంతిని రెండే రెండుసార్లు తాకాడు, ఒకటి త్రో ఇన్‌కి తల పెట్టడం, రెండోది ఫౌల్. మ్యాచ్ అయ్యాక జీపీఎస్ వెస్ట్ రిపోర్ట్ చూస్తే వార్మప్‌లో పరిగెత్తింది మైదానంలో పరిగెత్తినదానికంటే ఎక్కువ. మా స్లైడ్‌లో అది "ఒక మ్యాచ్".

ఐదు సబ్‌స్టిట్యూషన్లు వచ్చాక ఇది తగ్గుతుందని అందరం అనుకున్నాం. 2020లో కోవిడ్ టైమ్‌లో తాత్కాలికంగా తెచ్చారు, 2022లో పర్మనెంట్ చేశారు. మా దగ్గర జరిగింది ఏంటంటే కుర్రాళ్ల మ్యాచ్‌ల సంఖ్య పెరిగింది, ఒక్కో మ్యాచ్‌లో నిమిషాలు తగ్గాయి, అంటే ముందు ఒకడికి దొరికే 20 నిమిషాలు ఇప్పుడు ఇద్దరికి తలా ఎనిమిది.

షీట్ తీసుకుని హెడ్ కోచ్ దగ్గరికి వెళ్లా. భయపడుతూనే వెళ్లా, ఆయన్ని తప్పుపట్టినట్టు ఉంటుందేమో అని. ఆయన మొత్తం చూసి, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి ఒక మాట అన్నారు: "నా కాంట్రాక్ట్ ఎన్నాళ్లు?" ఏడాది సార్ అన్నా. "ఆ లెఫ్ట్ బ్యాక్‌ది?" మూడేళ్లు. "మరి వాడు మూడో ఏడాది బాగా ఆడితే సంతోషించేది నేనా, నా తర్వాత వచ్చేవాడా?" నా దగ్గర సమాధానం లేదు. యూత్ గురించి మాట్లాడేవాళ్లు కోచ్‌కి ధైర్యం లేదు అని తేల్చేస్తారు గానీ అసలు ముడి అక్కడుంది, కుర్రాడి తప్పుకి బిల్లు ఈ నెలలో వస్తుంది, వాడి ఎదుగుదలకి చెక్కు రెండేళ్ల తర్వాత వస్తుంది, బిల్లు కట్టేవాడూ చెక్కు తీసుకునేవాడూ ఒకడు కాదు. అందుకే నేను మొదట కదిపింది మేనేజ్‌మెంట్‌ని. ముగ్గురు కుర్రాళ్ల బతికున్న నిమిషాలు కూడా ఆయన పనితీరు లెక్కలోకి రావాలని, మొదటి పది మ్యాచ్‌ల ఫలితాల మీద ఉద్యోగం మాట ఎత్తబోమని రాసివ్వాలని అడిగా. రెండోది రాసిచ్చారు, మొదటిది "చూద్దాం" అన్నారు, సగం దొరికింది చాలనుకున్నా.

అప్పుడే మీటింగ్‌లో ఒకాయన, కోటా పెట్టేస్తే పోలా, ప్రతి మ్యాచ్‌లో ఒక కుర్రాడు స్టార్ట్ చేయాల్సిందే అని రూల్ పెడదాం అన్నాడు. వినడానికి బావుంటుంది. చైనా సూపర్ లీగ్ 2017లో అలాంటిదే పెట్టింది, 23 ఏళ్ల లోపు వాడొకడు మొదటి 11లో ఉండాలని. కోచ్‌లు ఏం చేశారు? రూల్ కోసం కుర్రాణ్ణి దించి, కాసేపటికే తీసేసి, అసలు అనుకున్నవాణ్ణి పంపారు. ఇరవై నిమిషాలైనా ఉండని సందర్భాలున్నాయి. ఇరవై వేల మంది ముందు పదిహేనో నిమిషంలో, తప్పేం చేయకుండానే, బోర్డు మీద నీ నంబర్ లేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మరుసటి ఏడాదే ఆ రూల్‌ని మార్చి, దించే విదేశీ ఆటగాళ్ల సంఖ్యకి ముడిపెట్టారు. పోలండ్ వాళ్లు 2019-20లో సొంత దేశపు కుర్రాడొకడు ఎప్పుడూ మైదానంలో ఉండాలన్నారు, 2022-23 నుంచి దాన్ని సీజన్ మొత్తానికి 3,000 నిమిషాలు, తగ్గితే జరిమానా అని మార్చారు. నాకు ఈ రెండోది కాస్త నయమనిపిస్తుంది, ఏ మ్యాచ్‌లో ఇవ్వాలో కోచ్ చేతిలోనే ఉంటుంది కాబట్టి. అయినా 3,000 నిమిషాలకీ మా 5,200కి పట్టిన గతే పట్టొచ్చు, ఎలాంటి నిమిషాలు అనేది ఆ రూల్ అడగదు.

సరే మేం ఏం చేశామంటే శాతాలు పక్కన పడేసి బ్లాకులు పెట్టాం. లెఫ్ట్ బ్యాక్‌కి వరసగా ఆరు మ్యాచ్‌లు, గెలిచినా ఓడినా. ఎందుకు ఆరు అంటే సైన్స్ ఏమీ లేదు, మొదటి రెండింట్లో వాడు భయపడతాడు, మూడు నాలుగులో తప్పు చేస్తాడు, ఐదు ఆరులో ఆ తప్పు తర్వాత ఎలా ఉన్నాడో మనకి తెలుస్తుంది, అంతే నా లెక్క. బ్లాక్ మొదలవక ముందే వాడికి చెప్పేయాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని. తప్పు చేశాడని హాఫ్ టైమ్ లోపు తీయకూడదు, గాయం, రెడ్ కార్డ్ ప్రమాదం ఉంటే తప్ప. కుర్రాడి పక్కన ఉండేవాళ్లు సీనియర్లే అయి ఉండాలి, ఒకే ఫ్లాంక్‌లో, అంటే మైదానానికి ఒకే పక్కన, ఇద్దరు కుర్రాళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఈ చివరి దాని మీద నాకు బాగా పట్టింపు. కుర్రాళ్ల మాట వస్తే ఎవరో ఒకరు 1995 మాంచెస్టర్ యునైటెడ్ కథ ఎత్తుతారు, ఆగస్టులో ఆస్టన్ విల్లా చేతిలో 3-1తో ఓడారు, పిల్లలతో ఏం గెలుస్తారని టీవీలో వెక్కిరించారు, చివరికి లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిచారు. నిజమే. కానీ ఆ నెవిల్ అన్నదమ్ములు, స్కోల్స్, బట్, బెక్‌హామ్ చుట్టూ ఎవరున్నారో కూడా చెప్పాలి కదా, వెనక ష్మైకెల్, బ్రూస్, పాలిస్టర్, మధ్యలో రాయ్ కీన్, అక్టోబర్‌లో నిషేధం అయిపోయాక కాంటోనా. ఆ విల్లా మ్యాచ్‌లో బ్రూస్ లేడు, కాంటోనా లేడు. కుర్రాళ్లు గెలిచారు అనే కథలో సీనియర్లు ఎప్పుడూ ఫ్రేమ్ బయటే ఉంటారు.

మా వైపు లెఫ్ట్ బ్యాక్ పక్కన లెఫ్ట్ సెంటర్ బ్యాక్ మా కెప్టెన్, 33 ఏళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి గానీ నోరు మాత్రం అరగలేదు. మూడో మ్యాచ్, 0-0, 23వ నిమిషం. మా లెఫ్ట్ బ్యాక్ టచ్‌లైన్ దగ్గర బంతి అందుకున్నాడు, ఎదుటి వింగర్ నొక్కుకుంటూ వస్తున్నాడు, లైన్ వెంబడి కొడితే సరిపోయేది, వీడు లోపలికి తిరిగి కీపర్‌కి బ్యాక్‌పాస్ ఇచ్చాడు, చూడకుండా. బంతి సగం దూరంలోనే చచ్చిపోయింది, వాళ్ల స్ట్రైకర్ తీసుకుని కీపర్ని దాటించి ఖాళీ గోల్‌లో కొట్టాడు. స్టేడియం ఒక్కసారిగా మూగబోయింది. నేను బెంచ్ మీద ఉన్నా, హెడ్ కోచ్ నా వైపు తిరిగారు, ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు, ఆయన జేబులో చేతులు పెట్టుకుని మళ్లీ మైదానం వైపు తిరిగారు. అటు వెనకాల సీనియర్ లెఫ్ట్ బ్యాక్ ఆల్రెడీ ట్రాక్ టాప్ జిప్ సగం లాగేశాడు.

కిక్ ఆఫ్ అయ్యాక బంతి వెనక్కి కెప్టెన్ దగ్గరికి వచ్చింది. కుడి వైపు ఖాళీగా ఉంది, ఎవరైనా అటే ఇస్తారు. ఆయన కావాలని ఎడమకి, మళ్లీ ఈ పిల్లోడికే ఇచ్చాడు, ఇచ్చి గట్టిగా అరిచాడు, మాకు బెంచ్ దాకా వినిపించింది: "తిరిగి నాకే ఇయ్యిరా!" వాడు ఇచ్చాడు. మళ్లీ ఇచ్చాడు ఆయన. "మళ్లీ!" అలా ఐదుసార్లు, పది గజాల పాస్‌లు, ఆటకి వాటితో ఏ ఉపయోగమూ లేదు, జనం ఈలలు వేశారు కూడా. ఐదో పాస్‌కి వాడి భుజాలు దిగడం వీడియోలో చాలా స్పష్టంగా కనిపిస్తుంది, చెవుల దాకా లేచి ఉన్న భుజాలు కిందికి వచ్చాయి. ఆ క్లిప్ 40 సెకన్లు ఉంటుంది, అకాడమీ కోచ్‌లకి నేను ఇప్పటికీ చూపించే క్లిప్ అదొక్కటే.

హాఫ్ టైమ్‌లో వాడు నేరుగా నా దగ్గరికొచ్చి "తీసేస్తున్నారా సార్?" అని అడిగాడు. ఆరు అని చెప్పాంగా, ఇది మూడే అన్నా. ఆ మ్యాచ్ 1-0తో ఓడాం. ఆ రాత్రి వచ్చిన మెసేజ్‌లు ఇక్కడ రాయను.

బ్లాక్ అయ్యాక ఇంకో బ్లాక్ అవసరం రాలేదు, నాలుగో మ్యాచ్ నుంచి వాడు మామూలు ఆటగాడైపోయాడు, ఆ సీజన్ 30లో 21 మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు. ఇంకో మాట, వీడు డిసెంబర్‌లో పుట్టాడు, ఏజ్ గ్రూప్ కటాఫ్ జనవరి 1. పన్నెండేళ్లప్పుడు జనవరిలో పుట్టినవాడు వీడికంటే దాదాపు ఏడాది పెద్ద, ఆ వయసులో అది రెండు మూడు అంగుళాల ఎత్తు కావొచ్చు. అకాడమీ పాత షీట్లు తీస్తే మూడేళ్ల పాటు వీడు అన్నిటికంటే తక్కువ ఆడినవాళ్లలో ఒకడు, తీసేద్దామని ఒకసారి రాసి కూడా ఉంది. చిన్నప్పటి నిమిషాలు ఎక్కువగా ముందు పుట్టినవాళ్లకీ ముందు ఎదిగినవాళ్లకీ పోతాయి, ఇది ఎన్నో దేశాల్లో చూసిన విషయమే. అందుకే పద్నాలుగు లోపు పిల్లలకి అందరికీ సమానంగా ఆడించాలన్నది నా పాలసీ, దాని మీద చర్చ కూడా పెట్టను.

ఇక మేం చేసిన తప్పు. వింగర్. 17 ఏళ్లు, ముగ్గుర్లోకీ టాలెంట్ ఉన్నవాడు. వాడికి బ్లాక్ ఇచ్చాం, 60 నిమిషాల స్టార్ట్‌లు, దిగితే కళ్లు తిప్పుకోలేం, ఆరు కాస్తా తొమ్మిదైంది, ఎందుకంటే గెలుస్తున్నాం, ఎవరు ఆపుతారు? నా షీట్‌లో వాడి లోడ్ సేఫ్‌గా ఉంది, వారానికి 60. నా షీట్‌లో లేనిది ఏంటంటే మధ్యవారాల్లో అండర్-19 టీమ్‌కి ఆడుతున్నవి, పైగా మధ్యలో పది రోజులు ఏజ్ గ్రూప్ నేషనల్ క్యాంప్, అక్కడ రెండు పూర్తి మ్యాచ్‌లు. మూడు చోట్ల ముగ్గురు వేర్వేరుగా లెక్క రాసుకున్నారు, ముగ్గురి లెక్కా కరెక్టే, కూడినవాడు ఒక్కడూ లేడు. వాడు నడుం కింద పట్టేసినట్టుందని రెండుసార్లు ఫిజియోకి చెప్పాడు, మూడోసారి చెప్పలేదు, జట్టులో చోటు పోతుందేమోనని. స్కాన్‌లో వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్. ఎదిగే వయసులో ఎముక ఇంకా గట్టిపడకముందే వెనక్కి వంగడం, మెలి తిరగడం, కిక్ కొట్టడం మోతాదు మించితే వచ్చేది ఇదే. నాలుగు నెలలు పోయాయి.

స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ పెడ్రీ గురించి నేను ట్రైనింగ్ సెషన్లలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో, 2020-21లో 18 ఏళ్ల కుర్రాడు బార్సిలోనా, యూరో, టోక్యో ఒలింపిక్స్ కలిపి 70కి పైగా మ్యాచ్‌లు ఆడాడు, తర్వాతి సీజన్ ఎక్కువ భాగం తొడ కండరాల గాయాలతో పోయింది అని. పక్కవాళ్ల తప్పు చెప్పడం తేలిక. తక్కువ నిమిషాల మీద అంత గొడవ చేసినవాణ్ణి, ఎక్కువ నిమిషాలు నా కళ్లముందే జరుగుతుంటే చూడలేకపోయా. ఇప్పుడు ఒక్కటే షీట్, క్లబ్ సీనియర్ టీమ్, యూత్ టీమ్, నేషనల్ క్యాంప్, ఫ్రెండ్లీలు అన్నీ ఒకే పేరు కింద, దాంతోపాటు పొడవు కొలత నెలకోసారి, ఎందుకంటే వేగంగా పొడవు పెరిగే నెలల్లో ఎముకలూ కండరాలూ ఒకే స్పీడ్‌లో పెరగవు. అబ్బాయిల్లో ఆ పెరుగుదల సుమారు 14 దగ్గర ఉంటుంది, కొందరికి చాలా ఆలస్యం, మా వింగర్ 16 దాటాక కూడా పెరుగుతూనే ఉన్నాడు, ఆ సంగతి వాళ్ల అమ్మ చెప్తే తెలిసింది, ప్యాంట్లు పొట్టి అయిపోతున్నాయని.

స్ట్రైకర్‌కి బ్లాక్ ఇవ్వలేదు. ఎందుకంటే వాడి ముందు లీగ్‌లో మంచి ఫామ్‌లో ఉన్న సీనియర్ ఉన్నాడు, అక్కడ ఆరు మ్యాచ్‌లు ఇస్తానంటే అబద్ధం ఆడినట్టే. కింది డివిజన్‌కి లోన్ పంపాం, అంటే కొన్నాళ్లు వేరే క్లబ్‌కి అప్పుగా. లోన్ అంటే చాలామందికి పారేసినట్టు అనిపిస్తుంది, ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్ నాలుగు క్లబ్బులకి లోన్ వెళ్లాడు, లెస్టర్‌లో ఉన్నప్పుడు బెంచ్ మీదే ఎక్కువ కూర్చున్నాడు. నార్వే మిడ్‌ఫీల్డర్ ఓడెగార్డ్ 16 ఏళ్లకే రియల్ మాడ్రిడ్‌కి వెళ్లి, హీరెన్‌వీన్, విటెస్సె, రియల్ సొసియెడాడ్ తిరిగాడు, నిజంగా ఆటగాడిగా తేలింది ఆ తిరుగుళ్లలోనే. ఫిఫా 2022 నుంచి అంతర్జాతీయ లోన్ల సంఖ్యకి పరిమితి పెట్టింది, 2024 నాటికి క్లబ్‌కి ఆరు, అయితే 21 లోపు వాళ్లకీ, క్లబ్ సొంతంగా తయారు చేసుకున్నవాళ్లకీ ఆ పరిమితి వర్తించదు, అంటే రూల్ రాసినవాళ్లకి కూడా కుర్రాళ్ల లోన్ వేరు, ఆటగాళ్లని గోడౌన్‌లో సరుకులా పేర్చుకోవడం వేరు అని తెలుసు.

లోన్ ఎక్కడికి అనేదాని మీద మాత్రం నెల రోజులు పట్టింది. పెద్ద పేరున్న క్లబ్ ఒకటి అడిగింది, జీతం మొత్తం వాళ్లే ఇస్తామన్నారు. వాళ్ల దగ్గర ఆల్రెడీ ముగ్గురు స్ట్రైకర్లు. టేబుల్‌లో అడుగున ఉన్న ఇంకో క్లబ్ సగం జీతమే ఇస్తామంది, ఒక్క స్ట్రైకర్, వాడికీ 35. వాళ్ల కోచ్‌ని ఫోన్‌లో ఒకే ప్రశ్న అడిగా: మావాడు మూడు మ్యాచ్‌లు గోల్ కొట్టకపోతే నాలుగో మ్యాచ్ ఎవరు ఆడతారు? "ఇంకెవరున్నారండీ నా దగ్గర" అన్నాడు. అక్కడికే పంపాం. 20 స్టార్ట్‌లు, 6 గోల్స్. గొప్పేం కాదు. మధ్యలో ఏడు మ్యాచ్‌లు గోల్ లేకుండా పోయాయి, ఎనిమిదోది కూడా ఆడాడు. తిరిగొచ్చాక మా దగ్గర సరిపోడని తేలింది, అమ్మేశాం. వాడికీ ఆ సంగతి అర్థమైంది, ఎందుకంటే ఈసారి నిజంగా ఆడి చూసుకున్నాడు.

టీమ్ సంగతి అడుగుతారు కదా, నాలుగు పాయింట్లు తగ్గాయి, రెండు స్థానాలు కిందికి దిగాం. అందులో ఎన్ని కుర్రాళ్ల వల్ల అని నన్నే లెక్క వేయమన్నారు, వేశా, ఏమీ తేలలేదు, ఒక పక్క ఆ బ్యాక్‌పాస్ ఉంది, ఇంకో పక్క వింగర్ గెలిపించిన రెండు మ్యాచ్‌లున్నాయి, వాడు గాయపడ్డాక ఓడినవి కూడా ఉన్నాయి మరి వాటిని ఎవరి ఖాతాలో వేయాలి? అకాడమీ ఆటగాళ్ల బతికున్న నిమిషాలు మాత్రం 640 నుంచి 2,400 దాటాయి, అంటే 8 శాతం పైన. మొత్తం నిమిషాల స్లైడ్ ఈసారి నేను వేయలేదు. ఒకాయన అడిగాడు, ఆ ఆకుపచ్చ స్లైడ్ ఏదీ అని.

హెడ్ కోచ్‌కి ఇంకో ఏడాది ఇచ్చారు. మళ్లీ ఒక్క ఏడాదే. వింగర్ ఇప్పుడు మ్యాచ్‌కి 45 నిమిషాల దగ్గర ఉన్నాడు, వాళ్ల అమ్మ నంబర్ ఫిజియో దగ్గర ఉంది. కొత్తగా 16 ఏళ్ల మిడ్‌ఫీల్డర్ ఒకడు పైకి వచ్చాడు, వాడి పేరు షీట్‌లో ఎక్కించాం, బ్లాక్ ఏ మ్యాచ్ నుంచి అనే గడిలో హెడ్ కోచ్ పెన్సిల్‌తో ఒక తేదీ రాసి చెరిపేశారు, ఇంకోటి రాసి అదీ చెరిపేశారు. నిన్న చూస్తే ఆ గడిలో కాగితం పల్చబడి వెనక టేబుల్ కనిపిస్తోంది, పక్కనే రబ్బరు పొట్టు.